ఆర్‌ఎల్ సర్క్యూట్‌ని బల్ల మీద పెట్టి కొలవడం: చోక్, రెసిస్టరు, మల్టీమీటరుతో పూర్తి పద్ధతి

పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక రెసిస్టరు (ఆర్), పాత ట్యూబ్‌లైట్ చోక్ (ఇనుము చుట్టూ చుట్టిన తీగ కాయిల్, అదే ఎల్) ఒకటి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి మల్టీమీటరుతో చూస్తే ఇలాంటి రీడింగులు వస్తాయి: సప్లై 13.5 వోల్టులు, రెసిస్టరు మీద 8.7, చోక్ మీద 9.2. రెండిటినీ కూడితే 17.9. సప్లై ఇచ్చినదానికంటే 4.4 వోల్టులు ఎక్కువ. మీటరు బాగానే ఉంది, కిర్కాఫ్ నియమమూ తప్పలేదు. ఏ క్షణానికి ఆ క్షణం చూస్తే రెండు వోల్టేజిల మొత్తం సప్లైకి సరిగ్గా సమానమే. కాకపోతే రెసిస్టరు వోల్టేజి, చోక్ వోల్టేజి ఒకే సమయంలో శిఖరానికి చేరవు. మీటరు చూపించేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే ఊగే వోల్టేజికి ఒక రకం సగటు. అందులో సమయం సంగతి ఉండదు.

ఈ తేడా అంతా ఒక్క సూత్రం నుంచే పుడుతుంది. రెసిస్టరు మీద వోల్టేజి దానిలో ఎంత కరెంటు పారుతోందో దాన్ని బట్టి ఉంటుంది. కాయిల్ మీద వోల్టేజికి మాత్రం కరెంటు ఎంతుందన్నది లెక్కలోకి రాదు, అది ఎంత వేగంగా మారుతోందన్నదే లెక్క: వోల్టేజి = ఇండక్టెన్స్ × కరెంటు మారే వేగం. ఇండక్టెన్స్ అంటే కరెంటు మార్పుని కాయిల్ ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె, దాన్ని హెన్రీలలో కొలుస్తారు. ఇంటర్, డిప్లొమా పాఠాల్లో టైమ్ కాన్‌స్టాంట్ ఒకచోట, ఫేజ్ తేడా మరోచోట, పవర్ ఫ్యాక్టర్ ఇంకోచోట రావడంతో ఇవన్నీ వేరువేరు విషయాల్లా కనిపిస్తాయి. ఒకే చోక్‌ని ముందు డీసీ మీద, తర్వాత ఏసీ మీద కొలిస్తే అన్నీ ఒకే సూత్రానికి వచ్చి కలుస్తాయి. కింది పద్ధతి అందుకే.

కావలసినవి

- 36 లేదా 40 వాట్ల ట్యూబ్‌లైట్‌కి వాడే బరువైన చోక్, అంటే లోపల ఇనుప రేకులు, తీగ చుట్ట ఉన్నది. తేలికగా ఉండే ఎలక్ట్రానిక్ చోక్ దీనికి అస్సలు పనికిరాదు. అది చోక్ అనే పేరున్న వేరే సర్క్యూట్. ఎల్‌ఈడీ పట్టీలు వచ్చాక పాత ఇనుప చోక్‌లు ఎలక్ట్రీషియన్ల దగ్గర, పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతున్నాయి.
- 230 వోల్టుల నుంచి 12 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్, 500 మిల్లీ ఆంపియర్లు లేదా 1 ఆంపియరు.
- 330 ఓముల రెసిస్టరు, 2 వాట్లు లేదా 5 వాట్లు.
- 12 వోల్టుల డీసీ: బ్యాటరీ గానీ అడాప్టరు గానీ.
- 1ఎన్4007 డయోడ్లు రెండు, ఒక స్విచ్, మొసలి క్లిప్పులున్న తీగలు.
- డిజిటల్ మల్టీమీటరు. ఆసిలోస్కోప్ (వోల్టేజి మార్పుని తెరమీద గీతగా చూపేది) ఉంటే డీసీ భాగం కళ్లారా చూడొచ్చు. కాలేజీల్లో కనిపించే ఎక్స్‌పైస్ పెట్టె కూడా చాలు; ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఆ పరికరం ఇలాంటి పనుల కోసమే తయారైంది.

ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల వైపు తీగలకి స్లీవ్ వేసి, పెట్టెలో మూసేయండి. కొలతలన్నీ 12 వోల్టుల వైపే. చోక్‌ని ట్యూబ్ లేకుండా నేరుగా మెయిన్స్‌కి ఎప్పుడూ కలపకండి. కింద లెక్కలో వచ్చే 349 ఓముల ప్రకారం చూసినా 0.66 ఆంపియర్లు లాగుతుంది. అది తట్టుకోవలసింది 0.43 ఆంపియర్లే. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండు రెట్లు దాటుతుంది. పైగా ఇనుము సంతృప్తమైతే, అంటే అయస్కాంతీకరణ ఇక పెరగని స్థితికి చేరితే, ఇండక్టెన్స్ పడిపోయి కరెంటు ఇంకా పెరుగుతుంది.

1. ముందు తీగ నిరోధం

ఏ సప్లైకీ కలపకుండా చోక్ రెండు కొసల మధ్య 200 ఓముల రేంజిలో కొలవండి. అంతకంటే ముందు మీటరు రెండు ముళ్లూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకె రాసుకుని, దాన్ని చోక్ రీడింగులోంచి తీసేయాలి. చవక మీటర్లలో ఇది అర ఓము దాకా ఉంటుంది.

మన ఉదాహరణలో చోక్ 32 ఓములు అనుకుందాం. మీ చోక్‌లో రాగికి బదులు అల్యూమినియం తీగ ఉంటే అంకె ఎక్కువ రావచ్చు, కంగారు పడక్కర్లేదు. చోక్ చల్లగా ఉన్నప్పుడే కొలవండి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి 50 డిగ్రీలు వేడెక్కిన చోక్ 32కి బదులు 38 ఓములు చూపిస్తుంది. అలాగే 330 అని రాసి ఉన్న రెసిస్టరునీ కొలిచి అసలు విలువ రాసుకోండి. 5 శాతం తేడా అంటే అది 314 నుంచి 346 వరకు ఎంతైనా ఉండొచ్చు. తర్వాతి లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

ముళ్లని పట్టుకునేటప్పుడు రెండు వేళ్లూ లోహానికి తగలనివ్వకండి. ముల్లు తిరిగే పాత అనలాగ్ మీటరైతే ఆర్×1 రేంజిలో పదుల మిల్లీ ఆంపియర్లు పంపుతుంది. తీసేసిన క్షణంలో చోక్ కొట్టే దెబ్బ చేతికి చురుక్కుమని తెలుస్తుంది. ఎందుకు కొడుతుందో మూడో అడుగులో వస్తుంది.

2. డీసీ కలపగానే ఏం జరుగుతుంది

12 వోల్టుల డీసీ, స్విచ్, చోక్, 330 ఓముల రెసిస్టరు – ఈ వరుసలో సిరీస్‌లో కలపండి. రెసిస్టరు మైనస్ వైపు ఉండాలి. స్కోప్ ముల్లు రెసిస్టరు పైకొసకి, గ్రౌండ్ క్లిప్పు మైనస్‌కి. రెసిస్టరు మీద వోల్టేజిని 330తో భాగిస్తే కరెంటు వస్తుంది కాబట్టి తెరమీద కనిపించేది కరెంటు ఆకారమే.

ఒక 1ఎన్4007ని చోక్, రెసిస్టరు రెండిటినీ కలుపుకుని అడ్డంగా పెట్టండి: వెండి గీత ఉన్న కొస స్విచ్ దాటాక వచ్చే ప్లస్ వైపు, రెండో కొస మైనస్‌కి. తిరగేసి పెడితే స్విచ్ వేయగానే సప్లై షార్టయి డయోడ్ గానీ అడాప్టరు గానీ పోతుంది.

స్కోప్‌ని ఒక గడికి 2 మిల్లీ సెకన్లు, 2 వోల్టులు; ట్రిగ్గర్ 1 వోల్టు దగ్గర, పెరిగే అంచు, సింగిల్ మోడ్‌లో పెట్టి స్విచ్ వేయండి.

స్విచ్ వేసిన తొలి క్షణంలో కరెంటు సున్నా. కాబట్టి రెసిస్టరు మీద వోల్టేజీ సున్నా. 12 వోల్టులూ చోక్ మీదే ఉంటాయి. చోక్ ఇండక్టెన్స్ 1.1 హెన్రీ అయితే కరెంటు పెరిగే వేగం 12 ÷ 1.1, అంటే మిల్లీ సెకనుకి 10.9 మిల్లీ ఆంపియర్లు. కరెంటు పెరిగేకొద్దీ రెసిస్టరు తన వాటా తీసుకుంటుంది, చోక్‌కి మిగిలేది తగ్గుతుంది, దాంతో పెరిగే వేగం కూడా తగ్గుతుంది. గీత వంగడానికి కారణం ఇదే. చివరికి కరెంటు 12 ÷ (330 + 32) = 33.1 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. తొలి వేగంతోనే సాగి ఉంటే అక్కడికి 3.04 మిల్లీ సెకన్లలో చేరేది. టైమ్ కాన్‌స్టాంట్ అంటే ఆ 3.04. సూత్రం ప్రకారం ఇండక్టెన్స్‌ని మొత్తం నిరోధంతో భాగించినా ఇదే వస్తుంది: 1.1 ÷ 362.

తెరమీద రెసిస్టరు వోల్టేజి ఇలా పెరగాలి: 3 మిల్లీ సెకన్లకి 6.9, 6కి 9.4, 9కి 10.4, 12కి 10.7, 15కి 10.9 వోల్టులు. తుది విలువ 10.94. మీ చోక్ ఇండక్టెన్స్ తెలియకపోతే వెనకనుంచి రండి: తుది విలువలో 63 శాతానికి ఎంత సేపట్లో చేరిందో చూసి, ఆ సమయాన్ని మొత్తం నిరోధంతో గుణిస్తే హెన్రీలు వస్తాయి.

స్థిరపడ్డాక చోక్ మీద మీటరు పెడితే సున్నా కనిపించదు, 1.06 వోల్టులు కనిపిస్తాయి. అది 33.1 మిల్లీ ఆంపియర్లు 32 ఓముల తీగలోంచి పారడం వల్ల వచ్చినది. మారని కరెంటుకి చోక్ ఒట్టి తీగ.

విద్యార్థులు తరచూ తికమకపడే చోటు ఒకటుంది. నిరోధం పెంచితే కరెంటు పెరగడం ఆలస్యమవుతుందని అనుకుంటారు. కెపాసిటర్ సర్క్యూట్‌లో అలాగే జరుగుతుంది, ఇక్కడ తలకిందులు. 330 ఓములు తీసేసి చోక్ ఒక్కదాన్నే కలిపితే టైమ్ కాన్‌స్టాంట్ 1.1 ÷ 32 = 34 మిల్లీ సెకన్లు అవుతుంది. తొలి వేగం మారలేదు, చేరవలసిన తుది కరెంటు 375 మిల్లీ ఆంపియర్లకి పెరిగింది. దూరం పెరిగింది కాబట్టి సమయం పెరిగింది. ఈ ప్రయోగం చేస్తే కొన్ని సెకన్లలో ముగించండి, చోక్‌లో 4.5 వాట్ల వేడి పుడుతుంది. మీ అడాప్టరు అర ఆంపియరైనా ఇవ్వగలగాలి.

తెరమీద గీత నున్నగా కాక మెట్లుమెట్లుగా వస్తే అది స్విచ్ కాంటాక్టులు ఎగిరెగిరి పడటం. ఫంక్షన్ జనరేటర్ ఉంటే 20 హెర్ట్జ్ చదరపు అల ఇవ్వండి. అర్ధ కాలం 25 మిల్లీ సెకన్లు కాబట్టి కరెంటు పూర్తిగా స్థిరపడటానికి సమయం చాలుతుంది. అప్పుడు డయోడ్ తీసేయండి, కరెంటు తగ్గేటప్పుడు దారి జనరేటర్ లోపలే ఉంటుంది. కానీ జనరేటర్ తన సొంత 50 ఓములని సిరీస్‌లో చేరుస్తుంది. మొత్తం 412 అవుతుంది, టైమ్ కాన్‌స్టాంట్ 2.67 మిల్లీ సెకన్లకి దిగుతుంది. దీన్ని మర్చిపోయి 362తోనే లెక్క వేస్తే ఇండక్టెన్స్ 12 శాతం తక్కువ వస్తుంది.

3. తీసేయగానే ఏం జరుగుతుంది

ఈ సర్క్యూట్‌లో భాగాలు పాడయ్యేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చూద్దాం.

33.1 మిల్లీ ఆంపియర్లు పారుతున్న చోక్‌లో 0.6 మిల్లీజౌళ్ల శక్తి నిలవ ఉంటుంది (సగం × 1.1 × 0.0331 వర్గం). చాలా తక్కువే. కానీ స్విచ్ తీసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా సున్నా కాలేదు. అలా అయితే మారే వేగం అనంతం, వోల్టేజీ అనంతం. అందుకే ఆ కరెంటు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. డయోడ్ లేకపోతే తీగ చుట్టల మధ్య ఉండే చిన్న కెపాసిటెన్సే దారి. అది ఒక నానోఫారడ్ అనుకుంటే, ఆ 0.6 మిల్లీజౌళ్లు దాన్ని 1,100 వోల్టుల దాకా ఎక్కించగలవు. నిజంగా అంత దూరం పోకముందే స్విచ్ కొసల మధ్య గాలి తెగి నిప్పురవ్వ వస్తుంది, కొంత ఇనుములో పోతుంది. అయినా వందల వోల్టులు మిగులుతాయి. పన్నెండు వోల్టుల బ్యాటరీతోనే దీన్ని చూపించవచ్చు: టెస్టర్‌లో ఉండేలాంటి నియాన్ దీపాన్ని దాని రెసిస్టరుతో సహా చోక్‌కి అడ్డంగా పెట్టి, డయోడ్ తీసేసి, స్విచ్ తీయండి. నియాన్ వెలగాలంటే అరవై వోల్టులు దాటాలి. తీసిన ప్రతిసారీ తళుక్కుమంటుంది, వేసినప్పుడు వెలగదు. ట్యూబ్‌లైట్ స్టార్టరు విడిపోయినప్పుడు ట్యూబ్ అంటుకునేదీ ఈ దెబ్బతోనే.

ఈ ప్రయోగం చేసేటప్పుడు మీటరు, స్కోప్ చోక్‌కి అడ్డంగా ఉంచకండి.

ఇప్పుడు డయోడ్ ఎక్కడ పెట్టారన్నది చూడండి. మనం చోక్, రెసిస్టరు రెండిటికీ కలిపి పెట్టాం. స్విచ్ తీశాక కరెంటు డయోడ్, చోక్, రెసిస్టరు గుండా తిరుగుతూ సుమారు 9 మిల్లీ సెకన్లలో ఆరిపోతుంది. అదే డయోడ్‌ని చోక్ ఒక్కదానికే అడ్డంగా మార్చితే దారిలో 32 ఓములే మిగులుతాయి. ఆరిపోవడానికి 32 మిల్లీ సెకన్లు పడుతుంది. రెసిస్టరు మీద స్కోప్ మాత్రం స్విచ్ తీయగానే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే తిరిగే కరెంటు ఇక దానిలోంచి పోవడం లేదు. కరెంటు వెంటనే ఆగిపోయిందని నోట్సులో రాసేస్తే అది తప్పు కొలత.

రిలేలో, అంటే కాయిల్ అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌లో, ఈ ఆలస్యమే అసలు సమస్య. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ సాధారణంగా 400 ఓములు, 30 మిల్లీ ఆంపియర్లు. బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నడిపిస్తే దాని కలెక్టర్ తట్టుకునేది 45 వోల్టులు. డయోడ్ లేకపోతే ట్రాన్సిస్టర్ వెంటనే పోకపోయినా కొన్నాళ్లకి షార్టవుతుంది, రిలే ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది. డయోడ్ పెడితే ట్రాన్సిస్టర్ బతుకుతుంది కానీ కాయిల్ కరెంటు నెమ్మదిగా తగ్గడంతో కాంటాక్టులు మెల్లగా విడిపోతాయి. వాటిలో మోటారు లాంటి లోడ్ ఉంటే ఆ మెల్లదనానికి నిప్పురవ్వ పెరిగి కాంటాక్టులు కాలతాయి, కొన్నిసార్లు అతుక్కుపోతాయి. మందు సులువే: డయోడ్‌కి సిరీస్‌లో 24 వోల్టుల జీనర్‌ని (నిర్ణీత వోల్టేజి దాటితే వెనక్కి కూడా కరెంటు పారనిచ్చే డయోడ్) ఎదురుగా కలపండి. తీసేసినప్పుడు కలెక్టర్ 12 + 24 + 0.7, అంటే 36.7 వోల్టుల దాకా ఎక్కుతుంది. 45కి లోపలే ఉంది, కరెంటు మాత్రం చాలా త్వరగా పడిపోతుంది. జీనర్ దొరక్కపోతే డయోడ్‌తో సిరీస్‌లో 390 ఓములు పెట్టండి. కలెక్టర్ సుమారు 25 వోల్టులకి ఎక్కుతుంది, టైమ్ కాన్‌స్టాంట్ దాదాపు సగమవుతుంది.

ఏసీ కాయిల్‌కి డయోడ్ పెట్టకూడదు, ప్రతి అర్ధ అలకీ షార్టవుతుంది. అక్కడ 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ సిరీస్‌లో కలిపి కాయిల్‌కి అడ్డంగా పెడతారు. ఆ కెపాసిటర్ మెయిన్స్‌కి అడ్డంగా వాడటానికని తయారైన ఎక్స్2 రకమే అయి ఉండాలి.

4. ఇప్పుడు ఏసీ: మూడు వోల్టేజిలు

డీసీ సప్లై, డయోడ్ తీసేయండి. డయోడ్ మర్చిపోవడం చాలామంది చేసే తప్పు. ఉంటే ఒక అర్ధ అల డయోడ్‌లోనే షార్టయి, డయోడ్ గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ మాడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపు చోక్, 330 ఓములు సిరీస్‌లో కలపండి. లోడ్ తక్కువ కాబట్టి వోల్టేజి 12కి బదులు 13 నుంచి 14 మధ్య ఉంటుంది, అది మామూలే.

మీటరుని ఏసీ వోల్టుల్లో, సప్లై వోల్టేజి పట్టేంతలో అతి చిన్న రేంజిలో పెట్టండి. సప్లై, రెసిస్టరు, చోక్ మీద వెంటవెంటనే కొలిచి, చివర్లో సప్లైని మళ్లీ కొలవండి. మొదటి అంకె, చివరి అంకె తేడాగా ఉంటే మెయిన్స్ ఊగుతోందని. మొదటినుంచీ మళ్లీ కొలవాలి.

ఉదాహరణ రీడింగులు: 13.5, 8.7, 9.2.

కరెంటు: 8.7 ÷ 330 = 26.4 మిల్లీ ఆంపియర్లు. కరెంటు కొలవడానికి మీటరుని సిరీస్‌లో పెట్టనక్కర్లేదు. చాలా చవక మీటర్లలో ఏసీ కరెంటు రేంజే ఉండదు.

చోక్ మొత్తం ఇంపెడెన్స్ (ఏసీకి అది చూపే మొత్తం అడ్డు): 9.2 ÷ 0.02636 = 349 ఓములు.

ఇందులో నిరోధం ఎంత, రియాక్టెన్స్ (కరెంటు మార్పు వల్ల వచ్చే అడ్డు) ఎంత అని విడదీయడానికి గ్రాఫ్ కాగితం, వృత్తలేఖిని చాలు. ఒక వోల్టుకి ఒక సెంటీమీటరు. 8.7 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి, అది రెసిస్టరు వోల్టేజి. ఎడమ కొస కేంద్రంగా 13.5, కుడి కొస కేంద్రంగా 9.2 వ్యాసార్థాలతో చాపాలు గీసి, అవి కలిసిన చోటు గుర్తుపెట్టండి. అక్కడినుంచి అడ్డగీత పొడిగింపు మీదకి నిలువుగా దించండి. నిలువు 9.1 సెంటీమీటర్లు, కుడి కొస నుంచి లంబం పాదం దాకా 1.26 సెంటీమీటర్లు వస్తాయి. నిలువుది కరెంటు మార్పు వల్ల పుట్టిన వోల్టేజి, అడ్డంది చోక్‌లో వేడిగా పోయే భాగం.

అంకెలతో చేయాలంటే: సప్లై వర్గంలోంచి మిగతా రెండిటి వర్గాలూ తీసేసి, ఆ రెండిటి లబ్ధానికి రెట్టింపుతో భాగించండి. (182.25 − 75.69 − 84.64) ÷ 160.08 = 0.137. ఇది చోక్ కోణపు కొసైన్. చోక్ నిరోధ భాగం 349 × 0.137 = 47.8 ఓములు. రియాక్టెన్స్ 349 × 0.9906 (అదే కోణపు సైన్) = 345.7 ఓములు. 50 హెర్ట్జ్‌కి రెండు పై ఎఫ్ (2 × π × ఫ్రీక్వెన్సీ) విలువ 314.16 కాబట్టి ఇండక్టెన్స్ 345.7 ÷ 314.16 = 1.10 హెన్రీ. ఫ్రీక్వెన్సీ గురించి దిగులు వద్దు. మన గ్రిడ్ కోడ్ అనుమతించే పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్, ఆ తేడా మీ మీటరు కంటికి ఆనదు.

డీసీలో 32 ఓములున్న చోక్ ఏసీలో 48 ఓములు ఎందుకైంది? అదనపు 16 ఓముల రెసిస్టరు లోపల ఎక్కడా లేదు. ఇనుప రేకుల్లో సుడి కరెంట్లు, సెకనుకి వంద సార్లు అటూ ఇటూ అయస్కాంతీకరణ మారడం – ఈ రెండూ తినే శక్తి అది. సర్క్యూట్ వైపునుంచి చూస్తే నిరోధంలా కనిపిస్తుంది. అందువల్ల ఏసీ లెక్కల్లో మల్టీమీటరు చూపించిన డీసీ ఓములు వేసేస్తే చోక్‌లో పుట్టే వేడి తక్కువగా తేలుతుంది.

మొత్తం సర్క్యూట్‌లో కరెంటు సప్లై వోల్టేజి వెనక 42.4 డిగ్రీలు ఉంటుంది (త్రిభుజంలో ఎడమ కొస దగ్గరి కోణం; ఫేజ్ తేడా అంటే ఇదే), సమయంలో 2.36 మిల్లీ సెకన్లు. సరిచూసుకోవడానికి పవర్ లెక్క రెండు దారుల్లో వేయండి: 13.5 × 0.02636 × 0.738 (42.4 డిగ్రీల కొసైన్) = 0.263 వాట్లు, కరెంటు వర్గం × (330 + 47.8) కూడా 0.263 వాట్లే. రెండూ కలవకపోతే త్రిభుజంలో ఎక్కడో తప్పు దొర్లింది.

5. అంకెలు ఎంతవరకు నమ్మాలి

సప్లై రీడింగు 13.5కి బదులు 13.6 వచ్చిందనుకోండి. ఇండక్టెన్స్ మారేది 0.3 శాతం లోపే. కానీ చోక్ నిరోధ భాగం 47.8 నుంచి 53.7కి దూకుతుంది. పొడవాటి త్రిభుజంలో చిన్న భుజాన్ని పెద్ద భుజాల తేడాతో పట్టుకుంటున్నాం కాబట్టి తప్పంతా దాని నెత్తిన పడుతుంది. ఈ పద్ధతిలో వచ్చిన హెన్రీలని నమ్మండి. ఓములని అంచనాగానే తీసుకోండి.

330 ఓములే ఎందుకంటే అది చోక్ ఇంపెడెన్స్‌కి దగ్గరగా ఉంది. 10 ఓములు పెడితే దాని మీద 0.4 వోల్టులు కూడా రావు, 0.1 వోల్టు మెట్లతో చూపించే మీటరుకి అది పావు వంతు తప్పు. 10 కిలో ఓములు పెడితే చోక్ మీద అర వోల్టు మిగులుతుంది, అదే సమస్య రెండో వైపు. కొత్త చోక్‌కి ముందు 330తో అంచనా వేసి, రెండు వోల్టేజిలూ దాదాపు సమానం అయ్యే రెసిస్టరు మార్చి మళ్లీ కొలవడం మంచిది.

సప్లైగా ఫ్యాను, లైటు డిమ్మర్లు వాడకండి. అవి అలని ముక్కలుగా కోస్తాయి, మామూలు మీటరు శుద్ధమైన సైన్ అల అనుకునే అంకె చూపిస్తుంది. ల్యాబుల్లోని డిమ్మర్‌స్టాట్ సైన్ అలే ఇస్తుంది, కానీ అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. మెయిన్స్ నుంచి విడదీయదు. దాన్ని 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు పెట్టాలి తప్ప దాని బదులు కాదు.

ఇండక్టెన్స్‌ని నేరుగా కొలిచే ఎల్‌సీఆర్ మీటరు వేరే విలువ చూపిస్తే ఆశ్చర్యపోకండి. అది చాలా కొద్ది కరెంటుతో, తరచుగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలుస్తుంది. ఇనుప కోర్ ఉన్న కాయిల్ ఇండక్టెన్స్ కరెంటుతోనూ ఫ్రీక్వెన్సీతోనూ మారుతుంది. మీకు కావలసింది 50 హెర్ట్జ్ విలువైతే 50 హెర్ట్జ్ దగ్గర కొలిచిందే విలువ.

రెండు ఛానళ్ల స్కోప్‌తో ఫేజ్ చూడాలనుకునేవారు గ్రౌండ్ క్లిప్పులు రెండూ లోపల కలిసే ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఒకటి మధ్య జాయింటుకి, ఇంకోటి కింది కొసకి పెడితే రెసిస్టరు షార్టవుతుంది. రెండు క్లిప్పులూ రెసిస్టరు కింది కొసకే. ఒక ముల్లు రెసిస్టరు పైకి, మరోటి సప్లై పైకొసకి.

6. ఇదే లెక్క మెయిన్స్ మీద

40 వాట్ల ట్యూబ్, ఇనుప చోక్ కలిసి 230 వోల్టుల దగ్గర 0.43 ఆంపియర్లు తీసుకుంటాయి. వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే 99. కానీ ట్యూబ్ 40, చోక్ నష్టం (0.43 వర్గం × 47.8) దాదాపు 9 కలిపితే 49 వాట్లే. పవర్ ఫ్యాక్టర్, అంటే ఈ రెండిటి నిష్పత్తి (49 ÷ 99), సుమారు 0.5. మిగతా కరెంటు పని చేయదు, ప్రతి పావు అలకీ చోక్‌లోకి శక్తిని తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెస్తుంది. ఇంటి మీటరు వాట్లకే లెక్క కట్టినా, దారిలోని తీగలు ఆ 0.43 ఆంపియర్లకీ వేడెక్కుతాయి. సప్లైకి అడ్డంగా 3.8 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.9కి చేరి, లైన్‌లో కరెంటు పావు ఆంపియరు దగ్గరికి దిగుతుంది. చోక్‌లో, ట్యూబ్‌లో కరెంటు మాత్రం ముందున్నదే.

బోరు మోటార్ల దగ్గర ఇది చాలా పెద్ద విషయం. మోటారు వైండింగు కూడా రెసిస్టరు, ఇండక్టర్ కలిసినదే, పైగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా మోటార్లుంటాయి. పనికిరాని కరెంటు లైన్‌లో వోల్టేజిని పడేస్తుంది, తక్కువ వోల్టేజికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు మాడుతుంది. అందుకే ఆంధ్ర, తెలంగాణల్లో విద్యుత్ పంపిణీ సంస్థలు పంపుసెట్లకి కెపాసిటర్లు పెట్టమని అడుగుతాయి: 3 హెచ్‌పీకి 1, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలమానం). మామూలు డైరెక్ట్ స్టార్టరు ఉన్నచోట కెపాసిటర్‌ని స్టార్టరు దాటాక మోటారు వైపు కలపాలి, మోటారుతో పాటే అదీ ఆగాలి. ముందువైపు పెడితే మోటారు ఆగాక కూడా లైన్‌కి కలిసే ఉండి, రాత్రి లోడ్ తక్కువున్నప్పుడు వోల్టేజిని అనవసరంగా పైకి నెడుతుంది.

మోటారు స్టార్టరులో ఉండే, పెద్ద రిలే లాంటి కాంటాక్టర్ కాయిల్ విషయంలో ఇండక్టెన్సే రక్షణ. ఏసీ కాయిల్‌లో కరెంటుని పట్టి ఉంచేది తీగ నిరోధం కాదు, రియాక్టెన్స్. ఇనుప ముక్క వచ్చి అతుక్కున్నాకే అది పూర్తి విలువకి పెరుగుతుంది. తుప్పు, దుమ్ము, చీమల గూడు అడ్డుపడి ముక్క సగంలో ఆగితే ఇండక్టెన్స్ తక్కువగానే ఉండిపోయి, కరెంటు మామూలుకంటే చాలా రెట్లు పారి నిమిషాల్లో కాయిల్ మాడుతుంది. డీసీ కాయిల్‌కి ఈ బెడద లేదు, దాని కరెంటుని తీగ నిరోధమే నిర్ణయిస్తుంది. స్టార్టరులో కాయిల్ మాడిందని కొత్తది వేసేముందు కాంటాక్టర్‌ని వేలితో నొక్కి చూడండి: ముక్క పూర్తిగా లోపలికి వెళ్లాలి, వదలగానే తిరిగి రావాలి, రెండు ఇనుప ముఖాలూ శుభ్రంగా కలవాలి. మెయిన్ స్విచ్ తీసేసి, కెపాసిటర్ డిస్చార్జి అయిందని మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి.